పైసలిచ్చి పోవుడా, పైసలిస్తే పోవుడా?

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. మొన్న శనివారం రాత్రి పదింటికి ఫోన్ చేసి, "మామా, రేపు పొద్దున సూర్యాపేట వస్తున్న" అన్నాడు. ఆ వేళప్పుడు ఫోన్ వస్తే మనకు మంచి ఆలోచనలు రావు కదా, ఎవరికేమైందోనని గుండె జారింది.

"ఎవరికేం కాలే మామా. రైడ్. బ్రేక్‌ఫాస్ట్ రైడ్. అరవై బండ్లం. ఎల్బీనగర్‌లో బయలుదేరి మీ ఊళ్లె ఇడ్లీ తిని, కోదాడ, మిర్యాలగూడ చుట్టేసి పోతం. పద్నాలుగు వందల తొంభై తొమ్మిది."

"ఏందిరా, మీటర్లా?"

"రూపాయలు మామా."

పక్కనున్న మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "బండి నీదే, పెట్రోలు నీదే, ఎల్లుండి వచ్చే నడుము నొప్పి నీదే. మరి వాళ్లకెందుకు ఇస్తివిరా పైసలు?" అంది. ఈ కాలమ్‌లో ఉన్నది ఆ ఒక్క ప్రశ్నే. కాకపోతే ఆవిడ ఒక్క ముక్కలో అడిగింది, నాకు అర పేజీ నింపాలి.

వాడు ఓపిగ్గా లెక్క చెప్పాడు. ఒక టీషర్టు, ట్యాంకు మీద అంటించుకునే స్టిక్కరు, ప్లేటు ఇడ్లీ వడ, పైనుంచి డ్రోను తీసే వీడియో, చివర్లో మెడలో వేసే మెడల్. అందరికంటే ముందు పోయేవాడిని లీడ్ అంటారట. పక్కన కాపలాగా తిరిగేవాళ్లు మార్షళ్లు. అందరికంటే వెనక వచ్చేవాడు స్వీప్. "స్వీప్ అంటే ఊడ్చేవాడు గదరా?" అన్నాను. "పడ్డోళ్లను, ఆగిపోయినోళ్లను ఏరుకుంట వస్తడు మామా" అన్నాడు. ఇడ్లీ వడకు అరవై తియ్యండి, టీషర్టుకు రెండొందలు తియ్యండి. మిగిలిన పన్నెండు వందల పైచిలుకు ఒకడు ముందు పోయినందుకూ ఒకడు వెనక వచ్చినందుకూ అన్నమాట.

దానికి తోడు ఒక ఫారం. వాట్సప్‌లో పంపితే కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. దారిలో చెయ్యి విరిగినా, బండి పోయినా, మనిషే పోయినా నిర్వాహకులకు ఏ సంబంధమూ లేదని సంతకం పెట్టాలి. మా వైపు ఎన్నికల మేనిఫెస్టోలు కూడా ఇంత నిజాయితీగా ఉండవు. ఇంకొకటి, ఇది వెటకారం కాదు: బండి ఇన్సూరెన్స్ పాలసీలో వాడకం మీద పరిమితులని ఒక పేరా ఉంటుంది. పందేలకూ వేగ పరీక్షలకూ వాడితే పాలసీ వర్తించదని అందులో రాసి ఉంటుంది. దారిలో ఎవడికో పౌరుషం వచ్చి రైడు కాస్తా రేసయిందంటే, కట్టిన ప్రీమియం కూడా మనల్ని వదిలేసి పక్కకు జరుగుతుంది.

వాళ్లొచ్చే అరవై ఐదో నంబరు జాతీయ రహదారి మా గుమ్మం ముందు నుంచే పోతుంది. పంతంగిలో టోల్, కొర్లపహాడ్‌లో టోల్. కార్లకు వాత పెడతారు గానీ బైకులకు లేదు. 2008 నాటి టోల్ నిబంధనల్లోనే రెండు చక్రాల బండికి మినహాయింపు ఉంది. 2025 జూన్‌లో బైకులకు కూడా టోల్ అని పుకారు లేస్తే కేంద్రమంత్రి గడ్కరీ గారే అబ్బే, అదేం లేదని చెప్పాల్సి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం జంకిన పని మా వాడి గ్రూపు అడ్మిన్ ఒక్క క్యూఆర్ కోడుతో చేసేశాడు.

అయినా మా జిల్లాలో గుంపుగా బండ్లు తోలడం కొత్తేం కాదు. రేటు కూడా ఎప్పటినుంచో ఉంది. కాకపోతే అది మాకు ఇస్తారు. నాయకుడొస్తున్నాడంటే ముందు రోజు రాత్రే వార్డుకు ఇన్ని బండ్లని లెక్క తేలుతుంది. పొద్దున్నే పెట్రోలు చిట్టీ పంచుతారు: అరచేతిలో సగం ఉండే కాగితం, దాని మీద "200", ఒక గీకుడు సంతకం, బంకు వాడికి మాత్రమే తెలిసిన ఏదో గుర్తు. దాంతోపాటు బిర్యానీ పొట్లం. బండికి ఇద్దరు తప్పనిసరి, ముగ్గురైతే ముచ్చట. హెల్మెట్ పెట్టుకుంటే ముఖం కనపడదు, ముఖం కనపడకపోతే చిట్టీ రాదు. సైలెన్సర్ ఊడబీకినవాడికి ముందు వరస. మా వీధిలో ఒక పిల్లవాడు నామినేషన్ల రోజున పొద్దున ఒక కండువాతో, సాయంత్రం ఇంకో కండువాతో తిరిగి రెండు చిట్టీలు సంపాదించాడు. పెట్రోలుకు పార్టీ లేదు కదా, ట్యాంకులో రెండూ కలిసిపోయాయి. అలాంటి ఊరికొచ్చి మా వాడు డబ్బులు కట్టి బండి తోలుతున్నానంటే, ఆ పిల్లవాడు వాడిని ఎంత జాలిగా చూశాడో నేను చూశాను.

డబ్బుల్లేని గ్రూప్ రైడ్లూ ఉన్నాయి. సంక్రాంతికి ముందు హైదరాబాద్‌లో సగం మంది ఈ రోడ్డు మీదే ఉంటారు, లీడ్ ఎవడో స్వీప్ ఎవడో ఆ దేవుడికే ఎరుక. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరొస్తే హైవేనే పక్కకు తప్పుకుంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హాస్టళ్లు ఖాళీ చెయ్యమంటే, పోలీసు పాసులు పట్టుకుని బైకుల మీద ఊళ్లకు బయలుదేరిన పిల్లలు కోదాడ దాటాక గరికపాడు దగ్గర గంటల తరబడి నిలబడిపోయారు. ఈ రోడ్డు అంత పెద్ద రైడు అంతకుముందు చూళ్లేదు, దానికి మెడల్ కూడా లేదు. ఇక మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్ల వరస సంగతి. కోతలప్పుడు టోకెన్ పట్టుకుని, ట్రాలీ మీదే పడుకుని, చివరికి తేమ పేరుతో తరుగు తీయించుకుని వచ్చే ఆ రైడు ముందు ఏ లద్దాఖ్ రైడూ చాలదు.

సైకిళ్లవాళ్ల పద్ధతి ఇంకో రకం. వాళ్ల దూరపు రైడును బ్రెవే అంటారు, పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్బు లెక్క. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కు నలభై గంటలు గడువు. ఫీజు కట్టాలి. కట్టాక మధ్యదారిలో ఎవరూ సాయం చెయ్యకూడదు, పంచరైతే మనమే వేసుకోవాలి. గడువులోపల వస్తే మెడల్ కొనుక్కోవచ్చు. ఔను, కొనుక్కోవచ్చు. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిల్ తొక్కుకుంటూ పోయేవారు, పాపం ఆయనకు ఈ సౌకర్యం తెలియదు.

సరే, ఆదివారం సంగతికి వస్తాను. "నువ్వు కూడా రా మామా, గెస్టువు, నీకు ఫ్రీ" అన్నాడు మేనల్లుడు. ఫ్రీ అన్నాక సూర్యాపేటవాణ్ని ఎలా కాదంటాను? నా స్ప్లెండర్ తీశాను. దానికి పంతొమ్మిదేళ్లు, నలభై ఐదు దాటితే హ్యాండిల్‌కు వణుకొస్తుంది. అందరికంటే వెనక పసుపు జాకెట్టు వేసుకున్న స్వీప్ ఒకాయన ఉన్నాడు, నా వయసే ఉంటుంది. నేను ఆయన వెనక చేరాను. ఆయన చెయ్యి ఊపి ముందుకు పొమ్మన్నాడు. నేను పోలేదు. ఆగి దగ్గరికొచ్చి, "సార్, నా వెనక ఎవరూ ఉండొద్దు. రూలు" అన్నాడు. "నా బండి ఇంతకు మించి పోదు నాయనా, అది కూడా రూలే" అన్నాను. ఆయన నిట్టూర్చి నా వెనక్కి వెళ్లి నలభైలో తోలడం మొదలుపెట్టాడు.

అదే పొద్దున ఊళ్లో ఒక నాయకుడి పుట్టినరోజు ర్యాలీ. ఏ పార్టీ అని అడక్కండి, ఇది అచ్చయ్యేలోపల మారొచ్చు. కొత్త బస్టాండు దగ్గర రెండు గుంపులూ ఎదురుపడ్డాయి. కానిస్టేబుల్‌కు ఏం తెలుసు పాపం, బైకులన్నీ ఒక పక్కకు అని విజిలేశాడు. మా లీడ్ చేతిలో వాకీటాకీ, ఒంటి మీద నల్ల జాకెట్టు. ర్యాలీ పిల్లలు ఆయన్ని నాయకుడి సెక్యూరిటీ అనుకున్నారు. ఆయన ఎడమ చెయ్యి ఎత్తగానే జెండాలతో సహా అందరూ ఆయన వెనక కోదాడ రోడ్డెక్కేశారు. పూలదండలతో ఓపెన్ జీపులో నిలబడిన నాయకుడు ఒక్కడే బస్టాండు దగ్గర మిగిలిపోయాడు. డప్పులవాళ్లు మాత్రం వదల్లేదు, వాళ్లకు గంట లెక్క.

మునగాల దగ్గర ఆగి లీడ్ తలలు లెక్కపెడితే అరవై కాస్తా రెండొందలు దాటింది. ఆయన ముఖం వెలిగిపోయింది, రెండొందలను పద్నాలుగు వందల తొంభై తొమ్మిదితో గుణిస్తున్నాడని నా అనుమానం. ఆ వెనకే బిర్యానీ ఆటో రొప్పుకుంటూ వచ్చింది. అందులోంచి దిగినతను టీషర్టు, జెండా అని చూడకుండా బండికి రెండు పొట్లాలు, ఒక చిట్టీ పంచుకుంటూ పోయాడు. నా మేనల్లుడికీ అందింది, నాకూ అందింది. బిర్యానీ చేతిలో పడగానే ర్యాలీ దాదాపు అంతా వెనక్కి తిరిగింది. అది మా ఊరి ఆచారం. ట్యాంకు నిండుగా ఉన్న పదిమంది పిల్లలు మాత్రం సరదాకు మాతోనే వచ్చారు.

కోదాడ దాటి హుజూర్‌నగర్ రోడ్డులో ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా రైడర్లు చేతులూపుకుంటూ, ఒకరి వెనక ఒకరు వరసగా తప్పించుకున్నారు. అది చూస్తే ముచ్చటేసింది, అబద్ధమెందుకు. ర్యాలీ పిల్లవాడొకడు వెనక ఇద్దరిని ఎక్కించుకుని వడ్ల అంచు మీద బ్రేకేశాడు. ముగ్గురూ జారి పడ్డారు. వాడి స్నేహితులు చూసుకోకుండా కేకలేసుకుంటూ ముందుకు వెళ్లిపోయారు. రైతు పరిగెత్తుకొచ్చి, "నా వడ్లు!" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేం, చెదిరినవి ఆయనవే. ఆగినవాడు ఒక్కడే, పసుపు జాకెట్టు. బండి స్టాండేసి, పెట్టెలోంచి దూది తీసి, ఆ పిల్లవాడి మోకాలిలో గుచ్చుకున్న గింజల్ని ఒక్కొక్కటే ఏరాడు. రిజిస్ట్రేషన్ ఉందా అని అడగలేదు. తర్వాత రైతుతో కలిసి రెండు చేతులా వడ్లు లోపలికి నెట్టాడు. నాకు సిగ్గనిపించి నేనూ వంగాను.

"నీకెంతిస్తరు ఈ పనికి?" అని అడిగాను.

"నేనే కట్టిన సార్. పదకొండొందలు. వాలంటీర్లకు డిస్కౌంట్."

ఆ పన్నెండు వందల లెక్కలో ఆయన వాటా సున్నా అని నాకప్పుడు తెలిసింది. లీడ్ ఆ సమయానికి మిర్యాలగూడ చేరి డ్రోను ఎగరేస్తున్నాడు.

సాయంత్రం మెడళ్లు పంచారు. ఇద్దరు రైడర్లు మధ్యలోనే ఇంటికి పోయారట, మిగిలిన వాటిలో ఒకటి కట్టు కట్టుకున్న ఆ పిల్లవాడి మెడలో పడింది. వాడు దాన్ని పంటితో కొరికి చూశాడు. మా వాడు ఇంటికొచ్చి బిర్యానీ పొట్లం మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ విప్పి చూసి, "ముక్క లేదు. ఇంతకూ గిట్టినాయిరా పైసలు?" అంది. వాడు వీడియో వచ్చాక చెప్తానన్నాడు. వాడి చిట్టీ సూర్యాపేట బంకులోనే చెల్లుతుంది కాబట్టి నాకే ఇచ్చి పోయాడు.

సోమవారం పొద్దున రెండు చిట్టీలు తీసుకుని బంకుకు పోయాను. కుర్రాడు వాటిని అటూ ఇటూ తిప్పి, నా నెరిసిన జుట్టు చూసి, "ఎవరి ర్యాలీ సార్?" అన్నాడు.

"అదే తెలుస్తలేదురా" అన్నాను. వాడు మరేం అడక్కుండా నాలుగొందలకు పోశాడు.