గాలి తగ్గిన బంతి ఆత్మకథ

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో వాడే బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ సన్నబడి నడుమ ఉబ్బి ఉండే ఆ ఆకారాన్ని జ్యామితిలో దీర్ఘగోళం అంటారు, ఆట పేరులో పాదం ఉన్నా దాన్ని కాలితో తన్నే సందర్భాలు కొద్దే, మిగిలిన సమయమంతా ఆటగాళ్లు దాన్ని చంకన పెట్టుకుని పరుగెత్తుతారు లేదా గిరగిర తిరిగేలా విసురుతారు. మెదక్ జిల్లా ఎల్దుర్తిలో ఒక ఇంటి సజ్జ మీద, పాత కూలరుకూ ఇత్తడి బిందెలకూ మధ్య పడి ఉన్న ఈ బంతి ఆ జాతిదే. ఆత్మకథ చెప్పుకునే వస్తువు తనను తాను ఎవరో పరాయిదాన్ని పేర్కొన్నట్టు పేర్కొనడం వింతే గాని, ఏళ్ల తరబడి ఎవరూ పలకరించని వస్తువుకు ఆ దూరం అలవాటైపోతుంది.

పుట్టుక గురించి చెప్పవలసింది తక్కువ. లోకం పంది తోలు బంతి అని పిలుచుకున్నా ఇది ఆవు తోలుదే. నాలుగు ముక్కలను లోపలి వైపు పైకి ఉంచి కుట్టి, తిరగదీసి, లోపల రబ్బరు బ్లాడరు పెట్టి, పైన లేసు బిగిస్తారు. అమెరికాలో వృత్తి ఆటగాళ్ల పోటీలు నడిపే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌కు 1941 నుంచి విల్సన్ కంపెనీ బంతులే వెళ్తున్నాయి, 1955 నుంచి అవి ఒహాయో రాష్ట్రంలోని ఏడా అనే చిన్న ఊళ్లో తయారవుతున్నాయి. ఈ బంతి ఆ వంశంలోదే అయినా మైదానానికి ఎంపిక కాలేదు, దుకాణానికి వెళ్లింది. ఎల్దుర్తిలో పుట్టి టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న ఒకాయన కొనుక్కుని టీవీ పక్కన పెట్టుకున్నాడు.

దాని జీవితంలో గొప్ప కాలం అదే. ఆ ప్రాంతపు జట్టయిన డాలస్ కౌబాయ్స్ 1966 నుంచి, ఒకటి రెండేళ్లు తప్ప, ఏటా నవంబరులో కృతజ్ఞతా దినం నాడు సొంత గడ్డ మీద ఆడుతుంది. 2023 నవంబరు 23న ఆ ఆట మొదలు కాకముందు పెరట్లో తెలుగు పిల్లలు ఈ బంతిని విసురుకున్నారు. లేసు మీద వేళ్లు ఆన్చి వదిలితే బంతి ఎలా సూటిగా దూసుకుపోతుందో ఆ ఒక్క పూట రుజువు చేసుకున్నది. సాయంత్రం కౌబాయ్స్ వాషింగ్టన్ జట్టును 45-10తో ఓడించింది. డరోన్ బ్లాండ్ అనే రక్షక ఆటగాడు ఆ సీజన్‌లో ఐదోసారి, ఎదుటి జట్టు విసిరిన బంతిని నడుమనే అందుకుని గీత దాటించి, అంటే 6 పాయింట్ల టచ్‌డౌన్ చేసి, లీగ్ రికార్డు సృష్టించాడు. హాలులో కూర్చున్న నలుగురు తెలుగువాళ్లు అర్ధరాత్రి దాకా బ్లాండ్ చేతులను పొగిడారు గాని, ఆ చేతుల్లోకి వచ్చి పడిన బంతి ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

సీజన్ అంటే అక్కడ 18 వారాలు, ఒక్కో జట్టుకు 17 ఆటలు. ఆపైన 14 జట్లు నాకౌట్ పోటీలకు, అంటే ఒక్కటి ఓడినా ఇంటికి వెళ్లవలసిన ఆటలకు, చేరతాయి. కౌబాయ్స్ 12 గెలిచి 5 ఓడింది. బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ 36 టచ్‌డౌన్ పాసులతో లీగ్‌లోనే ముందు నిలిచాడు. సొంత మైదానంలో వరుసగా 16 ఆటల్లో ఓటమి లేదు. 1996 జనవరి తర్వాత చేజిక్కని సూపర్ బౌల్, అంటే సీజన్ చివరి ఛాంపియన్ పోటీ, ఈసారి తప్పదని ఆ హాలులో తీర్మానమైంది. 2024 జనవరి 14న, లీగ్ జట్లను విభజించిన వర్గాల్లో తమ వర్గం నుంచి ఏడో జట్టుగా కనాకష్టంగా వచ్చిన గ్రీన్ బే ప్యాకర్స్ అదే మైదానంలో 48-32తో ఓడించింది, ఒక దశలో 27-0గా ఉన్న అంతరాన్ని చూస్తే చివరి స్కోరు కూడా మర్యాదే. ఓడిన కోచ్ మైక్ మెకార్తీ 2011లో ప్యాకర్స్‌కు సూపర్ బౌల్ గెలిపించింది కూడా ఆ మైదానంలోనే కావడంతో చర్చకు కావలసినంత ఉప్పూ కారం దొరికింది. కోచ్‌ను తీసెయ్యాలని ఒకరు, క్వార్టర్‌బ్యాక్‌కు ఇచ్చే కోట్లు దండగని ఒకరు వాదించి, చివరికి అందరూ "వచ్చే ఏడు మనదే" అన్న మాట మీద రాజీపడ్డారు. ఆ వేసవిలో ఇంటి యజమాని ఈ బంతిని సూట్‌కేసులో పెట్టి, ఎల్దుర్తిలో ఉన్న మేనల్లుడికి తెచ్చి ఇచ్చాడు.

ఎల్దుర్తిలో ఈ బంతి ఎక్కువ రోజులు ఆటలో నిలవకపోవడంలో పిల్లల తప్పు పెద్దగా లేదు. టెంకాయలా ఉన్న వస్తువు నేల మీద పడితే ఎటు ఎగురుతుందో తెలియదు, బ్యాటుతో కొడితే పక్కింటి రేకుల మీదికి పోతుంది, వాలీబాల్ వల మీద నుంచి దాటదు. 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అనే పోటీలో హైదరాబాద్ స్కైకింగ్స్ పేరుతో ఒక జట్టు ఉండేదనీ, ఆ ఆటలు శ్రీలంకలో జరిగాయనీ చెప్పేవాళ్లు ఆ వాడలో ఎవరూ లేరు. వర్షంలో తడిసిన తోలును తుడవకుండా వదిలేసిన పెద్దల మీద మాత్రం ఈ బంతికి ఇప్పటికీ కోపమే. అలా వదిలేస్తే తోలు గట్టిపడుతుంది, కుట్టు వదులవుతుంది. తర్వాత అది సజ్జ ఎక్కింది. స్లాబు కింద మే నెల వేడికి లోపలి గాలి వ్యాకోచించడం, చలికాలంలో ముడుచుకోవడం, ప్రతిసారీ కొంత బయటికి జారిపోవడం, వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోవడం, ఇంతే దాని దినచర్య.

ఇక్కడే పాత విషయం ఒకటి గుర్తు చేయాలి. బంతిలో చదరపు అంగుళానికి 12.5 నుంచి 13.5 పౌండ్ల ఒత్తిడి ఉండాలని లీగ్ నియమం. 2015 జనవరి 18న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ వాడిన బంతుల్లో అంతకన్నా తక్కువ గాలి ఉందని తేలితే, 243 పుటల విచారణ నివేదిక వచ్చింది, జట్టుకు 10 లక్షల డాలర్ల జరిమానా పడింది, టామ్ బ్రాడీ అంతటి క్వార్టర్‌బ్యాక్ 4 ఆటలకు దూరం కావలసి వచ్చింది. చలికి గాలి ఒత్తిడి తగ్గడం సహజమేనని భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు వాదించారు. కొద్దిపాటి గాలికి అంత రాద్ధాంతం జరిగిన కులంలో పుట్టి, ఉన్న గాలంతా పోయినా విచారణ సంఘం మాట అటుంచి చీపురు కూడా తగలని స్థితి ఈ బంతిది.

సజ్జ మీద నుంచి వినబడేది ఇప్పుడు కబడ్డీ చర్చ. ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ 2023-24 సీజన్‌కు పవన్ సెహ్రావత్ అనే ఆటగాణ్ని అప్పటికి లీగ్ చరిత్రలోనే అత్యధిక ధరకు, 2 కోట్ల 60 లక్షల రూపాయలకు పైగా పెట్టి కొని, 22 ఆటల్లో 2 మాత్రమే గెలిచింది. 2024 అక్టోబరు 18న గచ్చిబౌలిలో బెంగళూరు బుల్స్‌ను 37-29తో ఓడించి కొత్త సీజన్ మొదలుపెట్టి, 12 గెలిచినా ఏడో స్థానంలో ఆగిపోయింది, అప్పట్లో నాకౌట్‌కు ఆరు జట్లే వెళ్లేవి. ఇర్వింగ్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు స్పీకరు పెడతారు. మేనమామ కౌబాయ్స్ సంగతి చెబుతాడు, మేనల్లుడు "మామా, మనోళ్లు గీసారి జరంతల పోయిండ్రు" అని టైటాన్స్ సంగతి చెబుతాడు, ఒకరి ఆట నియమాలు ఒకరికి తెలియవు, అయినా ఎక్కడా మాట తెగదు. ధర దండగ, కోచ్ దండగ, వచ్చే ఏడు మనదే. అభిమాని అనేవాడికి ఆట కంటే ఓటమిని పంచుకునే మనిషి ముఖ్యమని రెండు ఖండాల్లో విన్న ఈ బంతి అభిప్రాయం.

సంక్రాంతికి ఇల్లు దులిపేవాళ్లకు ఒక మనవి: వాలీబాల్ పంపుకు ఉండే సన్నని సూదే దీనికీ సరిపోతుంది, పొడిగా గుచ్చితే రబ్బరు చిరుగుతుంది కాబట్టి కాస్త తడి చేసి గుచ్చాలి, 13 పౌండ్లకు మించి కొట్టకూడదు.