గిటారిస్టు మారాడు, మార్కులు తగ్గాయి

రాక్ సంగీతాభిమాని లెక్కలో యుగాలు రెండే. ఆయన ఉన్నప్పుడు, ఆయన పోయాక. ఆ ‘ఆయన’ గాయకుడు కావచ్చు, గిటారిస్టు కావచ్చు. ఆయన ఉన్నప్పుడు వచ్చిన పాటలన్నీ ఆణిముత్యాలు, పోయాక వచ్చినవన్నీ గులకరాళ్లు. పాట వినకుండానే ఈ తీర్పు చెప్పగలగడం అభిమానులకే సాధ్యం.

రాయపూర్ డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీలో పెరిగి, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక తెలుగు మావయ్యకు ఈ విద్య బాగా అబ్బింది. 1931లో విజయనగరం-రాయపూర్ రైలు మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి ఇటు వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, టేప్‌రికార్డర్‌లో డీప్ పర్పుల్. ఆదివారం పొద్దున్నే తేలిబాంధా చెరువు గట్టున నడక, ఆ తర్వాత పోహా, జిలేబీ. జిలేబీ పాకం వేళ్లకు అంటుకుని ఉండగానే తీర్పులు మొదలు. వినడానికి మేనల్లుడు తప్ప వేరే దిక్కు లేదు.

మావయ్య మార్కుల పద్ధతి చాలా కచ్చితం. గాయకుడు చనిపోతే పాపం బ్యాండ్ ఏం చేస్తుంది, కోత లేదు. అలిగి వెళ్లిపోతే పది మార్కులు కోత. బ్యాండే గెంటేస్తే ఇరవై. బాస్ గిటార్ వాయించేవాడు మారితే మాత్రం ఏ కోతా లేదు, ఎందుకంటే ఆ సంగతి మావయ్యకు తెలియనే తెలియదు.

“మరి పాట బాగుంటే, మావయ్యా?”

“పాట సంగతి తర్వాత చూద్దాంలేరా. ముందు వాయించిందెవరో చెప్పు.”

ఈ పద్ధతిలో ఏసీ/డీసీ సునాయాసంగా గట్టెక్కింది. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. అదే ఏడాది జులైలో బ్రయాన్ జాన్సన్ గొంతుతో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వచ్చి ప్రపంచాన్ని ఊపేసింది. చావు కేసు కాబట్టి మావయ్య నూటికి నూరు వేశాడు. బ్లాక్ సబ్బాత్ దగ్గరే చిక్కొచ్చింది. వాళ్లు 1979లో ఆజీ ఆస్బోర్న్‌ను తీసేసి రానీ జేమ్స్ డియోను తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన ‘హెవెన్ అండ్ హెల్’కు రూలు ప్రకారం ఇరవై మార్కులు పోవాలి. ఆ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నది మాత్రం మావయ్యే. జెనెసిస్ విషయంలో ఇంకా ఇబ్బంది. 1975లో పీటర్ గేబ్రియల్ వెళ్లిపోతే, కొత్త గాయకుడి కోసం ఎంతోమందిని పరీక్షించి, చివరికి డ్రమ్ముల వెనకే కూర్చున్న ఫిల్ కాలిన్స్ చేతికి మైకిచ్చారు. కొత్తవాడెవరూ రాలేదు కదా, కోత వేయాలా వద్దా? ఆ కేసు ఇప్పటికీ పెండింగే.

మావయ్యకు అసలు గుండె నొప్పి ఇండియన్ ఓషన్. ఢిల్లీలో 1990లో గిటారిస్టు సుస్మిత్ సేన్, అసీమ్ చక్రవర్తి కలిసి పెట్టిన బ్యాండ్ అది. అసీమ్ తబలా ముందు కూర్చుని, వాయిస్తూనే పాడేవాడు. ‘కందీసా’ ఆల్బమ్ 2000లో వచ్చింది. అందులో టైటిల్ పాట కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, భాష అరామిక్. మావయ్యకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్లు మూసుకుని తలూపుతాడు. 2009 డిసెంబర్‌లో అసీమ్ కన్నుమూశాడు. ఆ స్థానంలోకి పాడటానికి హిమాంశు జోషి, తబలాకు తుహీన్ చక్రవర్తి వచ్చారు. ఒక ఉద్యోగి ఖాళీ చేసిన కుర్చీకి రెండు పోస్టులు మంజూరయ్యాయన్నమాట. రైల్వేలో బతుకంతా గడిపిన మావయ్య ఇలాంటి వింత ఏ డివిజన్‌లోనూ చూడలేదట.

2013లో సుస్మిత్ సేన్ కూడా తప్పుకుని, నిఖిల్ రావ్ వచ్చాడు. అప్పటినుంచి మావయ్య ఫిర్యాదు ఒకటే. “సుస్మిత్ గిటార్‌లో తీగ మీటితే ఆ నాదం గాల్లో అలా నిలబడేదిరా. ఇప్పుడంతా ఎలక్ట్రిక్ గోల.” ఇందులో సగం నిజం. సుస్మిత్‌ది అకూస్టిక్ వాయిద్యపు బాణీ, నిఖిల్‌ది ఎలక్ట్రిక్. తేడా ఉంది. తేడా ఉన్నంత మాత్రాన అది లోటని ఎవరన్నారు? 2014 నాటి ‘తందాను’ ఆల్బమ్‌లో పాటకో అతిథి ఉన్నారు, శుభా ముద్గల్, శంకర్ మహదేవన్ లాంటివాళ్లు. అది విని కూడా మావయ్య అడిగింది, ఇందులో సుస్మిత్ ఎక్కడున్నాడని.

మేనల్లుడు ఒకరోజు మెల్లగా కదిపాడు. “ఇంతకీ అసలు ఇండియన్ ఓషన్ అంటే ఎవరు, మావయ్యా?”

“ఎవరేంట్రా? రాహుల్ రామ్, అమిత్ కిలమ్, సుస్మిత్, అసీమ్. ఆ నలుగురే.”

“రాహుల్ రామ్ వచ్చింది 1991లో, అమిత్ కిలమ్ వచ్చింది 1994లో. మీ లెక్కన వాళ్లూ కొత్తవాళ్లే కదా?”

మావయ్య ఆ రోజు జిలేబీని ఎప్పటికన్నా ఎక్కువసేపు నమిలాడు.

కుర్రాడు ఎత్తిచూపిన సంగతి చాలా బ్యాండ్లకు వర్తిస్తుంది. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ను 1972లో లోకానికిచ్చిన డీప్ పర్పుల్ ఆ బ్యాండ్ రెండో అవతారం. ఇయాన్ గిలన్ 1969లో వేరే గాయకుడి స్థానంలో వచ్చినవాడే. అభిమానులే మార్క్ వన్, మార్క్ టూ అని నంబర్లేసుకుని, మార్క్ టూని అసలుదిగా పూజిస్తారు. ఐరన్ మెయిడెన్‌లో బ్రూస్ డికిన్సన్ 1981లో వచ్చినవాడు. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 1967లో పుట్టింది. 1977 నాటి ‘రూమర్స్’లో వినిపించే స్టీవీ నిక్స్, లిండ్సే బకింగ్‌హామ్ చేరింది ఆ బ్యాండ్ పుట్టిన ఏడెనిమిదేళ్లకు. మనం మొదట ఎవరిని విన్నామో వాళ్లే మనకు అసలువాళ్లు. అంతకుముందు ఉన్నవాళ్ల ఊసే మనకు పట్టదు.

రాయపూర్‌కు ఈ పాఠం కొత్తది కాదు. ఇక్కడే 1923లో పుట్టిన హబీబ్ తన్వీర్ ‘చరణ్‌దాస్ చోర్’ 1975 నాటి నాటకం. 1982లో ఎడిన్‌బరో ఫ్రింజ్‌లో అవార్డు తెచ్చుకుంది. అదే కథతో శ్యామ్ బెనెగల్ తీసిన సినిమాలో దొంగ వేషం లాలూరామ్‌ది. రంగస్థలం మీద ఎక్కువమంది మనసులో నిలిచిన దొంగ గోవిందరామ్ నిర్మల్కర్. దొంగ మారాడని నాటకానికి మార్కులు కోసినవాళ్లెవరూ లేరు.

మనిషి మారినా ఏమీ కాదని కూడా అనుకోకూడదు. 1971లో జిమ్ మారిసన్ చనిపోయాక ద డోర్స్‌లో మిగిలిన ముగ్గురూ రెండు ఆల్బమ్‌లు చేశారు, 1973కల్లా దుకాణం కట్టేశారు. ఒక్కోసారి వెళ్లిపోయినవాడి పాటా మనల్ని వెంటాడుతుంది. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్‌లో పాడిన రామ్ మిర్యాల సినిమాలకెళ్లి, 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాటతో ఊరూరా మోగిపోయాడు. అలాంటప్పుడు మార్కులు బ్యాండ్‌కు కోయాలా, సినిమాకు కలపాలా అన్నది మావయ్య పద్ధతిలో ఎక్కడా లేదు.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లోనూ ఇలాంటి న్యాయమూర్తి ఉంటే, పాట వినిపించాకే పేర్లు చెప్పండి. ఇండియన్ ఓషన్ 2023లో ‘తూ హై’ ఆల్బమ్ తెచ్చింది. హిమాంశు, తుహీన్, నిఖిల్ ఆ బ్యాండ్‌లో చేరి అప్పటికే పదేళ్లయింది. ఇక వాళ్లను కొత్తవాళ్లనడం మానేయాలి.