కదలకున్న బండి: టీకా తాత్పర్య సహితము

అవతారిక

ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు నగరమునకు దక్షిణమున నున్న ఆబింగ్డన్ అను చిన్న పట్టణమునందు 1962వ సంవత్సరము మొదలు 1980 వరకు నిర్మింపబడి, స్థిరమైన పైకప్పు గల జీ.టీ. యను భేదముతో కూడ లెక్కించినచో ఐదు లక్షలకు మించి లోకమున నవతరించి, అందధికభాగము ఓడలెక్కి అమెరికాకు తరలిపోయిన ఎం.జీ.బీ. యను టాపు మడచు కారును గూర్చిన యొక చాటుపద్యము ఇచ్చట వ్యాఖ్యానింపబడుచున్నది. పద్యకర్త నామధేయము తెలియదు. కర్తయు వ్యాఖ్యాతయు నొక్కరే యని కొందరు సందేహించుచున్నారు గాని, ఆ సందేహమును తీర్చు బాధ్యత వ్యాఖ్యాతకు లేదు.

ఎక్కడి ఆబింగ్డన్, ఎక్కడి ఆటవెలది యని పాఠకులు శంకింపవచ్చును. ఎం.జీ. యనగా మోరిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డులో విలియం మోరిస్ నడిపిన అమ్మకపు శాలకు ఆ పేరు. ఆ మోరిస్ ఇంటనే పుట్టిన ఆక్స్‌ఫర్డు అను కారు కలకత్తా చెంత ఉత్తరపారాలో అంబాసిడరుగ పునర్జన్మమెత్తి, కలెక్టరుగారి బంగళా మొదలు పెండ్లివారి విడిది వరకు మన నేలపై సంచరించినది. బి-సీరీస్ అను నొకే గోత్రపు ఇంజను 1489 ఘనసెంటీమీటర్ల పరిమాణమున అంబాసిడరునందును, 1798 ఘనసెంటీమీటర్ల పరిమాణమున ఎం.జీ.బీ. యందును గలదు. కావున అంబాసిడరు బానెట్టు క్రింద చేయి పెట్టిన తెలుగు మేస్త్రీకి ఈ పద్యము పరదేశపు కావ్యము గాదు.

పద్యము

కదలకున్న బండి కార్బురేటరు దోష
మనుచు విప్పబోకు మరచియైన;
భూమి చూడు మొదట, పుటపుటధ్వని విను
వెనుక నున్న పంపు, విబుధవర్య!

ప్రతిపదార్థము

విబుధవర్య = ఓ పండితశ్రేష్ఠుడా; బండి = పూర్వోక్తమైన శకటము; కదలకున్న = తాళపుచెవి త్రిప్పినను చలింపనిచో; కార్బురేటరు దోషమనుచు = నేరము కార్బురేటరుదే యని నిశ్చయించి; మరచియైన = పొరపాటుననైనను; విప్పబోకు = స్పానరు పట్టకుము; మొదట = అన్నిటికంటె ముందుగా; భూమి = ఎర్తును; చూడు = పరీక్షింపుము; వెనుక నున్న పంపు = వెనుకచక్రము చెంత నమర్చిన పెట్రోలు పంపుయొక్క; పుటపుటధ్వని = పుటపుట యను చప్పుడును; విను = చెవి యొగ్గి వినుము.

దేశ్యమైన పుటపుటకు సంస్కృతమైన ధ్వనితోడను, ఆంగ్లమైన కార్బురేటరునకు దోషముతోడను సమాసము ఘటించుట వైరిసమాసమని లాక్షణికులు గర్హింతురు. గర్హింపవచ్చును. అంగుళపు కొలతల నట్టునకు మిల్లీమీటరు స్పానరు తగిలించి బలవంతముగ త్రిప్పువాడు చేయు నపచారముతో పోల్చిన ఇది స్వల్పము.

విశేషార్థ విచారము

ఈ పద్యమునకు ప్రాణభూతమైన పదము 'భూమి'. కారులోని దీపమునకు గాని, హారనునకు గాని, పంపునకు గాని విద్యుత్తు పోవుదారి తీగయే యైనను, తిరిగివచ్చు దారి చాలవరకు ఉక్కు శరీరమే. పరికరము చెంతనున్న రేకునకు ఒక నల్లతీగను మరతో బిగించి విడుచుట ఆ కాలపు కార్ల ఆచారము. ఆ మరక్రింద తేమ చేరి, తేమ వెంట తుప్పు చేరి, తిరుగుదారి మూసికొనిపోయినప్పుడు ప్రవాహము ఆగిపోవుటయు కద్దు, లేదా పొరుగుదీపపు తంతువు గుండ దొంగదారి వెదకుకొనుటయు కద్దు. బ్రేకు త్రొక్కినప్పుడు వెలుగవలసిన దీపము వెలుగక, దాని ప్రక్కనున్న మలుపుదీపము మిణుకుమిణుకుమని వెలుగుచున్నచో, బల్బులు మార్చుచు కూర్చుండుట వ్యర్థము. ఆ దీపపు భూమిని గీకి శుభ్రపరచినవాడు ధన్యుడు.

మరియొక విశేషము. 1967 వరకు వచ్చిన కార్లలో శరీరమునకు కలిపినది బ్యాటరీ ధనధ్రువము. ఆ సంవత్సరపు చివర వెలువడిన రెండవ అవతారమునందు డైనమో తొలగి ఆల్టర్నేటరు ప్రవేశింపగా ఋణధ్రువము భూమి యైనది. ఈ ధ్రువభేదము నెరుగక పాతకారునకు నేటి రేడియోను బిగించినవాడు సంగీతమునకు మారుగా దుర్గంధము ననుభవించును. ఆ బ్యాటరీలైనను ఆరేసి వోల్టులవి రెండు, సీట్ల వెనుక తివాచీ క్రింద, ఒక రేకుమూత క్రింద, నేలకు చేరువగా దాగియుండును. సీటు ముందునకు జరిపి, తివాచీ తొలగించి, మూత మరలు విప్పినగాని వాటి దర్శనము కాదు. అంత శ్రమపడి దర్శించువారు అరుదు. కావున వాటి కొనలపై తెల్లని పొడి పూచి, కొంతకాలమునకు కారు పండుకొనును. ఈ కార్లకు విద్యుత్పరికరములు సమకూర్చిన బర్మింగుహాము లూకస్ సంస్థకు మోటారు రసికులు 'అంధకార ప్రభువు' అని బిరుదమిచ్చి నవ్వుకొనుట లోకప్రసిద్ధము. నా మతమున ఆ బిరుదమునందు సగము యజమానులకు చెందవలెను. ఇన్నేండ్లు తుడువని యెర్తు ఏ దేశపు సంస్థ చేసినదైనను చీకటినే ప్రసాదించును.

ఇక భూమికిని కార్బురేటరునకును గల రహస్య సంబంధమును కవి ఎట్లు గ్రహించెనో గాని, అది ఈ పద్యమునకు మకుటాయమానము. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండియుండును. రబ్బరు విద్యుత్తునకు శత్రువు. కావున ఇంజనునకును శరీరమునకును నడుమ అల్లిక పట్టీ యొకటి బిగింపబడి, స్టార్టరు ద్రావు మహాప్రవాహ మంతయు దానిగుండ తిరిగిపోవును. ఏ మేస్త్రీయో గేరుబాక్సు దింపి మరల ఎత్తినప్పుడు ఈ పట్టీని బిగించుట మరచెననుకొనుడు. అప్పుడు ప్రవాహము ఇంజనునుండి శరీరమునకు పోవ వేరొక లోహమార్గము వెదకి, కార్బురేటరునుండి డ్యాషుబోర్డు వరకు సాగిన సన్నని చోక్ కేబులును పట్టుకొనును. వందలకొలది ఆంపియర్లు మోయుటకు పుట్టనిదగుటచే అది ఎర్రగ కాగి పొగ చిమ్మును. యజమాని బానెట్టెత్తి చూచును. పొగ కార్బురేటరు చెంత లేచుచున్నది. పర్వతముపై పొగను చూచి నిప్పు నూహించుట తర్కశాస్త్రపు ప్రథమ పాఠము; యజమాని ఆ పాఠము చదివినవాడే; నిప్పు నూహించెను, అది నిజమే; నిప్పునకు కర్త కార్బురేటరని కూడ నూహించెను. తార్కికులు హేత్వాభాసమని చెప్పునది ఇదియే.

అట్లయినచో లోకులు కార్బురేటరునే ఏల నిందింతురు? సమాధానము సులభము. అది కంటి కెదురుగ నుండును, అందముగ నుండును. ఎస్.యూ. కార్బురేటర్లు రెండు ఇంజను ప్రక్కన తళతళలాడు గంటల వలె నిలిచి, విప్పుమని పిలుచుచుండును. గంటలోపలి పిస్టను గాలి యొత్తిడిని బట్టి తనంతట లేచుచు దిగుచు, దాని క్రింది సూది పెట్రోలు ద్వారమును కొలతగా తెరచుచు మూయుచు నుండును. పిస్టను ఉలికిపడకుండ పైనుండి గంటలో కొంచెము నూనె పోయవలెను. ఆ నూనె యెండినచో కారు పరుగందుకొనునప్పుడు తడబడును. అంతే గాని బొత్తిగా కదలక మానదు. ఇంతటి సరళయంత్రము హఠాత్తుగా మరణించుట అరుదు. ఒకనాడు చక్కగ నడచి మరునాడు చలనము లేని కారునందు దానిని విప్పుట, జ్వరము వచ్చినవానికి తల గొరుగుట వంటిది.

ఇచ్చట పూర్వపక్షి లేచి, నిప్పురవ్వ మాట ఎత్తనందున పద్యమున న్యూనతాదోషము గలదని వాదించును. వాదము బలమైనదే. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల నడుమ సందు అంగుళములో వేయింట పదునైదు పాళ్లు, అనగా 0.015 అంగుళము, ఉండవలెను. పాయింట్ల మడమ అరిగిన కొలది ఆ సందు తగ్గి, రవ్వ కాలము దప్పి పడును. ప్రక్కనున్న కండెన్సరు మరియు మాయావి. చల్లగా నున్నప్పుడు సాధువుగ నుండి, వేడెక్కినంతట మొండికెత్తి, కారు ఊరి నడుమ నాగి చల్లారిన పిదప మరల ప్రాణము పోసికొనును. యజమాని మాత్రము వేసవి వేడికి పెట్రోలు ఆవిరియైనదని కార్బురేటరుపై తడిగుడ్డ చుట్టి, చల్లారినందున నడచిన కారును చూచి తన చికిత్స ఫలించెనని సంతసించును. 'భూమి చూడు' అనుటచే విద్యుత్సంబంధమైన దంతయు ఉపలక్షితమని చెప్పి కవిని రక్షింపవచ్చును గాని, ఆటవెలదిలో చోటు చాలలేదని యొప్పుకొనుట మేలు.

ధ్వన్యర్థమొకటి కూడ కలదు. విద్యుత్తునకు భూమియైన ఉక్కు శరీరమే కారునకును భూమి. ఈ కారునకు విడిగా చట్రము లేదు. పైకప్పు లేనందున పైనుండి ఆధారమును లేదు. కావున ముందుభాగమునకును వెనుకభాగమునకును నడుమ భారమంతయు తలుపుల క్రింద సాగు సిల్లులే మోయవలెను. వర్షపునీరును, ఇంగ్లండున చలికాలపు దారులపై చల్లు ఉప్పును సిల్లులలో చేరి లోపలినుండి తినివేయగా, పైన రంగు మెరయుచునే యుండును. జాకీ పెట్టి ఒకప్రక్క నెత్తినప్పుడు తలుపు చుట్టునున్న సందు మారినచో, తలుపు మూతపడక మొరాయించినచో, ఆ కారు నడుము విరిగినదే. సిల్లు మార్చు మేస్త్రీ తలుపు సందున ముందుగా ఉక్కుకడ్డీ వెల్డు చేసి బిగింపక పాతదానిని కోసెనా, కారు మధ్యకు వంగి, తరువాత ఏ తలుపును ఏ కాలమునను మూతపడదు. కొనదలచినవాడు ఇంజను శబ్దమునకు తల యూపుట కంటె ముందు నేలపై పరుండి భూమి చూడవలె నని ఈ పాదమునకు రెండవ అర్థము. రంగు చూచి కొన్నవారే లోకమున నధికము.

టాపును గూర్చి కవి మౌనము వహించుట నాకు రుచింపలేదు. తొలినాటి కార్లలో ఒక రకమున గుడ్డయు దాని చట్రమును విడదీసి డిక్కీలో దాచవలసినవి. వాన వచ్చినప్పుడు వాటిని బయటికి తీసి, కడ్డీలు నిలిపి, గుడ్డ లాగి, బొత్తాములు తగిలించు సరికి వాన వెలియును. వెనుకనున్న పారదర్శకపు ప్లాస్టిక్కు పాతబడిన కొలది మసకబారును, చలిలో మడచినచో చీలును. తడిసిన టాపును ఆరకమునుపే మడచినచో బూజు పట్టును. ఇంతటి ప్రబంధయోగ్యమైన విషయము నేకపద్యకవి విడిచిపెట్టుట సాహసమే.

తుదకు 'పుటపుటధ్వని'. ఎస్.యూ. వారి విద్యుత్పంపు తాళపుచెవి త్రిప్పగనే వేగముగ కొట్టుకొని, కార్బురేటరు గిన్నెలు నిండగనే నిదానించి నిలుచును. ఎడతెరపి లేక కొట్టుకొనుచున్నచో ట్యాంకు ఖాళీయో, గొట్టమున గాలి చొచ్చుటయో కారణము. బొత్తిగా మౌనమైనచో విద్యుత్తు చేరుట లేదు. ఇచ్చటను భూమినే ముందు శంకింపవలెను. చేరుచున్నచో పంపులోని పాయింట్లు అంటుకొనినవి. అంటుకొనినవానికి శాస్త్రోక్తమైన చికిత్స తాడనము: పంపును సుత్తికర్రతో మెల్లగ తట్టిన కదలి మరల పుటపుటలాడును, ఇల్లు చేరు వరకు చాలును. అయితే పంపున్న చోటు వెనుక కుడిచక్రము చెంత, కారు క్రింద. అందుచే యజమాని పెండ్లికి పోవు పట్టుపంచెతోనైనను రోడ్డుపై వెల్లకిల పరుండి, లోనికి చేయి చాచి, దారిన పోవువారు ఆగి చూచుచుండగా కర్రతో తట్టవలసియుండును. ఆ సమయమున అతనిని 'విబుధవర్యా' యని పిలుచువారు కుటుంబమున నెవ్వరును ఉండరు గనుక, ఆ సంబోధనను పాదపూరణమని త్రోసిపుచ్చరాదు.