చిక్కుడుకు బొంత

నాకు చలి ఎక్కువ. కార్తీకం దాటితే మంకీ క్యాపు, ధనుర్మాసం వస్తే దాని మీద మఫ్లరు. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది మీకు సులువుగా అర్థమవుతుంది. మా పామర్రులో జనవరి రాత్రి కూడా మామూలుగా 18 డిగ్రీల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. దీన్ని చలి అంటున్నామని చింతపల్లి కొండల్లో లంబసింగి వాళ్ళకు తెలిస్తే నవ్విపోతారు.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టుకుపోయి కరెంటు కూడా పోయినప్పుడు, గ్యారేజీలో దాచిన వాడి కరివేపాకు మొక్క నల్లబడి చచ్చిపోయింది. అప్పట్నుంచి నవంబరు రాగానే పాలకూర మడి మీద గుడ్డ కప్పుతాడు, కొత్త కరివేపాకు కుండీని సోఫా పక్కన కూర్చోబెడతాడు. పగలు నేల పట్టిన వేడి రాత్రికి ఆకాశంలోకి పోకుండా ఆ గుడ్డ ఆపుతుందట. ఫోన్లో అదంతా చూపించాడు. విన్నవాణ్ణి విని ఊరుకోవచ్చుగా! పెరట్లోకి చూశాను. చిక్కుడు పాదు, వంగ, నాలుగు టమాటా మొక్కలు, కాలీఫ్లవరు, కొత్తిమీర మడి. పాపం, ఒక్కదానికీ మఫ్లరు లేదు.

సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తారని మా ఆవిడ ఉతికి బీరువాలో దాచిన దుప్పట్లు నాలుగు బయటికి తీశాను. కొత్తిమీరకు యూరియా సంచుల పట్టా. చిక్కుడు పందిరికి మాత్రం మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత. పెద్ద పాదు కదా, మర్యాద ఉండాలి.

తెల్లారి మా ఆవిడ పెరటి తలుపు తీసి, "ఏవండీ, వీళ్ళంతా ఎవరు? రాత్రి ఎప్పుడొచ్చారు?" అంది.

పక్కింటి బాబాయి గోడ మీంచి చూశాడు. ఆయన మాగాణిలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మినుములు చల్లేసి, ఇక నీళ్ళ మాట మరిచిపోతాడు. డెల్టాలో చాలామంది పద్ధతి అదే. నేలలో మిగిలిన పదునుతో, పైన పడే మంచుతో ఆ పైరు గట్టెక్కుతుంది. "ఒరే అబ్బాయ్, మేమంతా మంచు పడాలని చూస్తుంటే నువ్వు అడ్డం పడతావేంట్రా? చిక్కుడు పూసేదీ, కాలీఫ్లవరు పువ్వు కట్టేదీ ఈ చలికే. అవి నిన్ను దుప్పటి అడిగాయా?"

అడగలేదు. కానీ నా దగ్గర డాలస్ శాస్త్రం ఉంది. అందులో సున్నా డిగ్రీలనే చిన్న షరతు ఉందనీ, ఆకులో నీరు గడ్డకట్టే చోట తప్ప ఈ హంగామా అక్కర్లేదనీ మావాడు చెప్పే ఉంటాడు. నేనప్పుడు మఫ్లరు సర్దుకుంటూ ఉండుంటాను. పొద్దున్నే గుడ్డ తీసెయ్యాలని చెప్పింది మాత్రం విన్నాను. పొద్దున్నే లేస్తే కదా! పదింటికి తీసేవాణ్ణి.

ఎనిమిదో రోజు తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుండగా పెరట్లో ఫెళ్ళుమంది. బొంత మంచుకు తడిసి తడిసి గేదె బరువైంది. రాటలు విరిగి పాదు, పందిరి, బొంత ఒకటే కుప్ప. గాలాడక ఆకుల మీద బూడిద తెగులు, లేత కొసలకు పేనుబంక. పట్టా కింద ఉక్కకు కొత్తిమీర కుళ్ళిపోయింది. మా ఆవిడ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

దుప్పట్లు మళ్ళీ ఉతికాం గానీ పశువుల ఎరువు వాసన వదల్లేదు. భోగి ముందు రాత్రి అల్లుడు ఒకటి కప్పుకొని, "మామయ్యగారూ, గేదెను కొన్నారా?" అని మర్యాదగానే అడిగాడు. తెల్లారి భోగిమంటలో మొదట పడినవి ఆ పందిరి కర్రలే. మంట దగ్గర అందరికంటే ముందు చేతులు చాపినవాణ్ణి నేనే.

ఆ తర్వాత రథసప్తమి. చిక్కుడుకాయలతో రథం కట్టాలి, చిక్కుడాకుల్లో సూర్యుడికి పరమాన్నం పెట్టాలి. గోడ దగ్గర నిలబడి బాబాయిని గుప్పెడు ఆకులు, నాలుగు కాయలు అడిగాను. కోసి నా చేతిలో పెడుతూ ఆయన నా తల వైపు చూశాడు. ఎండ చుర్రుమంటోంది.

"టోపీ మాత్రం తియ్యకు నాయనా, పూత రాలిపోద్ది."