ఇంకా రమ్మంటారేం?

మన దేశంలో సైన్సు, ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో నూటికి 40 మందికి పైగా అమ్మాయిలే. అయినా ఏటా ఫిబ్రవరి 11న, సైన్సులో మహిళలు, బాలికల దినోత్సవం నాడు పెద్దలు వేదికెక్కి ‘అమ్మాయిలూ, సైన్సులోకి రండి’ అని పిలుస్తారు. వచ్చినవాళ్లు ఏమయ్యారని మాత్రం అడగరు. ఇస్రోనే చూడండి. 2014లో మంగళయాన్ గెలుపు రోజున చీరకట్టు ఉద్యోగినుల ఫొటో లోకమంతా తిరిగింది. 2019లో చంద్రయాన్-2కు ప్రాజెక్టు డైరెక్టరూ మిషన్ డైరెక్టరూ మహిళలే. కుజుడికి దారి దొరికింది గానీ ఛైర్మన్ గదికి ఒక్క మహిళకూ దొరకలేదు! సీనియారిటీ రావాలి కదా అంటారు. రావాల్సిందే. కానీ పిల్లల పెంపకమంతా తల్లి నెత్తినే పెట్టి, మధ్యలో ఉద్యోగం మానిపించి, తర్వాత సర్వీసు లెక్కపెడితే వచ్చేదెలా? 50 మంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలని 2017లోనే చట్టం సవరించారు. ప్రోత్సాహక ఉపన్యాసానికి ఏసీ హాలు దొరికే సంస్థల్లో ఉయ్యాలకు జాగా దొరకదేం?