బతికున్న వూఫర్‌కు పాడె

ఇంటి సబ్‌వూఫర్‌లో పాడయ్యేది చాలాసార్లు మూడింటిలో ఒకటి: కాగితంతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన కోన్, దాని అంచున ఉండే రింగు, వెనకాల రాగి తీగ చుట్టిన కాయిల్. ఇవన్నీ కలిసిన దాన్ని కంపెనీ డ్రైవర్ అంటుంది, బజారు స్పీకర్ అంటుంది, ఎక్స్‌చేంజ్ మేళా పాత సామాను అంటుంది. పండగ సీజన్ మొదలైన దగ్గర్నుంచి ఈ మూడో పేరే ఖాయమైంది. డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెడితే చాలు, కొత్త సౌండ్‌బార్ మీద తగ్గింపు. డబ్బాకు జబ్బేమిటని అడిగే నాథుడుండడు. నాడి చూడకుండా పాడె కట్టే ఈ వైద్యానికి 'అప్‌గ్రేడ్' అని ముద్దుపేరు.

టెక్నాలజీ పాతబడిపోయింది సార్ అన్నది ఈ వైద్యుల మొదటి మాట. కౌంటర్ మీద మెరుస్తున్న కొత్త డబ్బాలో ఉన్నదీ, మూలకు నెట్టిన పాత డబ్బాలో ఉన్నదీ ఒకే యంత్రం. అయస్కాంతం మధ్య సన్నని సందు, ఆ సందులో కాయిల్, కాయిల్‌కు అతికిన కోన్, అది పక్కకు వాలకుండా పట్టి ఉంచే స్పైడర్. కాయిల్‌లో కరెంటు దిశ మారుతున్నకొద్దీ కోన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, గాలి కదులుతుంది, కిటికీ అద్దం అదురుతుంది. అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ దీన్ని ఒక రూపానికి తెచ్చింది 1925లో. వందేళ్ళుగా మూలం మారని వస్తువు మూడేళ్ళకే ఎలా పాతబడుతుందో మేళా వాళ్ళకే తెలియాలి.

జబ్బు కనిపెట్టడానికి ఒక స్క్రూడ్రైవర్, ఒక మల్టీమీటర్ చాలు. స్పీకర్ చుట్టూ ఉన్న మరలు విప్పి, వెనక రెండు వైర్లూ ఊడదీయాలి. మీటరును ఓమ్స్‌లో పెట్టి రెండు టెర్మినళ్ళకూ ఆనిస్తే, 4 ఓమ్స్ స్పీకర్ 3 పైచిలుకు చూపిస్తుంది. చూపించిందంటే కాయిల్ తెగలేదు. ఏమీ చూపించకపోతే కాయిల్ అయినా కాలి ఉండాలి, కాయిల్ నుంచి టెర్మినల్‌కు వచ్చే అల్లిక తీగ అయినా తెగి ఉండాలి. కోన్‌తో పాటు ఊగి ఊగి ఈ తీగ అతుకు దగ్గర తెగుతుంది. సోల్డరింగ్ చుక్కతో పోయే రోగం. మీటరు లేని ఇంట్లో కూడా గోడ గడియారం ఉంటుంది. అందులోని 1.5 వోల్టుల సెల్లును వైర్లతో క్షణం తాకిస్తే బతికున్న కోన్ టక్కున ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడే శవం ఎక్కడా ఉండదు.

తరవాత రెండు చేతుల వేళ్ళతో కోన్‌ను సమంగా లోపలికి నొక్కి చూడాలి. మెత్తగా వెళ్ళి వస్తే సరే. గరగర రాసుకుంటే కాయిల్ పక్కకు జరిగిందో, కాలి ఉబ్బిందో. ఏళ్ళ తరబడి బరువుకు కిందికి వాలిన కోన్ అయితే స్పీకర్‌ను సగం చుట్టు తిప్పి బిగించినా కొన్నాళ్ళు లాగిస్తుంది. దానికి పైసా ఖర్చుండదు, అందుకే ఎవరూ చెప్పరు. ఫోమ్ రింగు పది పదిహేనేళ్ళకు, తేమ ఎక్కువున్న ఊళ్ళో ఇంకా ముందే, వేలు తగిలితే అప్పడంలా పొడిపొడిగా రాలుతుంది. రబ్బరు రింగును ఎలుకలు చూసుకుంటాయి. కోన్ నడిమధ్యన బుడిపెలా ఉండే డస్ట్‌క్యాప్ సొట్టపోవడం అసలు జబ్బే కాదు, ఇంట్లో చిన్నపిల్లలున్నారనడానికి ఆనవాలు. టేపు అంటించి లాగితే పైకొస్తుంది.

ఇక వాట్లు. కొత్తది కొనిపించే మంత్రమంతా అట్టపెట్టె మీది అంకెలో ఉంది. 5000 వాట్లు. పక్కన కంటికి ఆనని అక్షరాల్లో పీఎంపీఓ. దీనికి అందరూ ఒప్పుకున్న ప్రమాణం అంటూ ఏదీ లేదు. ఎవరికి తోచిన అంకె వాళ్ళు వేసుకోవచ్చు. కాకి లెక్క చెప్పడానికైనా కాసిని కాకులుండాలి. దీనికి ఆ ఖర్చు కూడా లేదు.

బాత్రూంలో గీజరు 2000 వాట్లు. వంటింట్లో మిక్సీ 750. టీవీ కింద వూఫర్ 5000. అంటే ఇంట్లో అందరికన్నా ఎక్కువ కరెంటు తాగేది పాటల డబ్బా అన్నమాట. గోడకున్న మామూలు 6 ఆంపియర్ల సాకెట్టు, 230 వోల్టుల దగ్గర ఇవ్వగలిగింది 1380 వాట్లు. మిగతా 3620 ఎక్కడ్నుంచి వస్తున్నట్టు? పక్కింటి నుంచా?

స్పీకర్‌కు చేరిన కరెంటులో శబ్దంగా మారేది నూటికి ఒక వంతు, ఒక్కోసారి అంత కూడా ఉండదు. మిగిలినదంతా కాయిల్‌లో వేడి. నిజంగానే 5000 వాట్లు పంపితే 4950 వాట్ల వేడి గుప్పిట్లో పట్టే ఆ కాయిల్‌లోనే మిగలాలి. రెండు గీజర్ల పైమాట. 4 ఓమ్స్ కాయిల్‌లో అంత ఖర్చు కావాలంటే 141 వోల్టులు పెట్టి 35 ఆంపియర్లు పారించాలి. అట్టపెట్టె మాట నిజమే అయితే, పల్లవి అయ్యేలోగా డబ్బా మీద టీ కాచుకోవచ్చు, చరణం అయ్యేలోగా అగ్నిమాపక దళానికి ఫోన్ చేయవచ్చు.

నిజం డబ్బా వెనకాల ఉంటుంది, గోడవైపు తిప్పి పెట్టేచోట. అక్కడ చిన్న లేబుల్ మీద కరెంటు వాడకం 60 వాట్లనో, మహా అయితే 100 అనో ఉంటుంది. ముందువైపు వేలు, వెనకవైపు పదులు. ఒకే డబ్బాకు రెండు నాలుకలు. ఇళ్ళలో వాడే ఆంప్లిఫయర్ల వాట్లను ఎలా కొలిచి ప్రకటించాలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన పెట్టింది. ఇక్కడి అట్టపెట్టెలకు ఆ బాధ లేదు. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి చిన్న తేడా. శబ్దం రెట్టింపైందని చెవికి అనిపించాలంటే వాట్లు దాదాపు పది రెట్లు కావాలి. ఐదు వేలు చూసి మురిసి, పది వేలదానికి పాతదాన్ని మార్చుకుంటున్న ఇంటికి ఈ సంగతి చెప్పినవాడు లేడు.

ఇంతవరకూ నవ్వులాట. వారంటీ దాటిన డబ్బాతో సర్వీస్ సెంటర్ మెట్లెక్కితే నవ్వు ఆగుతుంది. పార్ట్ విడిగా రాదు సార్, యూనిట్ మార్చాల్సిందే. పార్ట్ రాకపోవడం కాదు, రానివ్వకపోవడం. మర ఉండాల్సిన చోట జిగురు, స్పీకర్ వెనక ఓమ్స్ రాయాల్సిన చోట ఖాళీ కాగితం. రిపేరు ఖర్చును కొత్తదాని ధర పక్కకు చేర్చి, 'మీరే ఆలోచించుకోండి' అనడం. ఆలోచించుకోవడానికి ఏం మిగిల్చారు? జీతంలో మిగిల్చుకుని కొన్న వస్తువును, గజాల లెక్కన దొరికే రాగి తీగ కాలిందని చెత్తలో వేయించడం వ్యాపారం కాదు, దోపిడీ. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ యంత్రాలు అన్నీ అందులోకి వస్తాయి. హక్కు పోర్టల్‌లో ఉంది. స్పీకర్ కౌంటర్‌లో లేదు.

బాగుచేసేవాడు మాత్రం ఉన్నాడు. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ చుట్టుపక్కలా, మిగతా ఊళ్ళలో మైక్‌సెట్ వాళ్ళకు పనిచేసే చిన్న కొట్టులోనూ కూర్చుని ఉంటాడు. వినాయక నిమజ్జనం మర్నాడు డీజే వాళ్ళు దించిపోయే 18 అంగుళాల స్పీకర్లకు కాయిల్ మార్చిన చేతికి ఇంట్లోని 8 అంగుళాలది ఆటబొమ్మ. పాత కోన్ కోసి తీసి, సందులో పేరుకున్న మసినీ ఇనుప రజనునూ టేపు మడతతో లాగేస్తాడు. కొత్త కాయిల్ దించి, దానికీ నడుమ ఉన్న ఇనుప దిమ్మకీ మధ్య చుట్టూ పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు దోపుతాడు. ఎవరి ఊపిరితిత్తులో ఎవరి మోకాలో, అక్కడ కాయిల్‌ను కదలకుండా నిలబెడతాయి. స్పైడర్‌కూ కోన్‌కూ జిగురు పట్టాక ముక్కలు లాగేసి, డస్ట్‌క్యాప్ అంటిస్తాడు. ఆపరేషన్ అంతే, ఖర్చు వందల్లో. రింగు ఒక్కటే పోతే ఇంట్లోనే మార్చుకోవచ్చు: పాత జిగురు గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆరినా సాగే రబ్బరు జిగురుతో కొత్తది అతికించాలి. ఫెవిక్విక్ పనికిరాదు, ఆరితే పెళుసు, ఊగే అంచు దగ్గర విరుగుతుంది.

కోన్, కాయిల్, స్పైడర్ అన్నీ పోయినప్పుడు కొనాల్సింది కొత్త స్పీకర్, కొత్త డబ్బా కాదు. ఇక్కడా వాట్లకు మోసపోకూడదు. పాతది 4 ఓమ్స్ అయితే కొత్తదీ 4 ఉండాలి. 2 పెడితే ఆంప్లిఫయర్‌కు ప్రాణం మీదికొస్తుంది. కారు వూఫర్లకు తరచు రెండు కాయిల్స్ ఉంటాయి. రెండు నాలుగులను పక్కపక్కన కలిపితే 2, ఒకదాని వెనక ఒకటి కలిపితే 8. ఎనిమిది అంగుళాలన్నది పేరుకే, డబ్బా కన్నాన్నీ లోతునూ స్కేలుతో కొలవాలి. గొట్టం ఉన్న డబ్బాకూ, మూసిన డబ్బాకూ సరిపోయే స్పీకర్ వేరు. ఆ లెక్కలు ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ప్రచురించాడు, రిచర్డ్ స్మాల్ తరవాతి దశకంలో విస్తరించాడు. మంచి స్పీకర్‌తో వచ్చే కాగితంలో ఆ అంకెలుంటాయి.

బిగించే ముందు ఆంప్లిఫయర్ నుంచి వచ్చే వైర్ల మీద మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి చూడాలి. దాదాపు సున్నా ఉండాలి. వోల్టులకు వోల్టులు చూపిస్తే పాత కాయిల్‌ను కాల్చింది ఆ బోర్డే, కొత్తదాన్నీ కాలుస్తుంది. ముందు బోర్డు బాగుచేయించాలి.

జిగురు పూర్తిగా పట్టడానికి 24 గంటలు. అంతవరకు స్పీకర్‌ను వెల్లకిలా, ఎత్తు మీద పెట్టాలి. డస్ట్‌క్యాప్ కనిపిస్తే వేలు ఊరుకోనివాళ్ళను ఆ గదిలోకి రానివ్వకూడదు.