పేపరు లేనిదే ప్రొఫెసరు లేడు

పరిశోధన ఎప్పుడు పుడుతుంది? బుర్రలో ప్రశ్న పుట్టినప్పుడని అమాయకులు అనుకుంటారు. మన వైద్య కళాశాలల్లో అది ప్రమోషన్ దగ్గర పడినప్పుడు పుడుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసరు గారికి ఒక శుభోదయాన తన సర్వీసు నిండిందని గుర్తొస్తుంది. ఆ మరుక్షణం నుంచే మానవాళి ఆరోగ్యం గురించి బెంగ మొదలవుతుంది. అసోసియేట్ ప్రొఫెసరు కావడానికి రెండు పేపర్ల బెంగ, ప్రొఫెసరు కావడానికి నాలుగు పేపర్ల బెంగ. ఐదో పేపరు దాకా బెంగ పెట్టుకున్నవాళ్లు అరుదు.

ఈ లెక్క కట్టింది భారత వైద్య మండలి. బోధనా సిబ్బంది అర్హతల నిబంధనల్లో ‘పరిశోధన పత్రాలు’ అనే షరతు పెట్టి, ఇక దేశంలో విజ్ఞానం వెల్లువెత్తుతుందని నిశ్చింతగా కూర్చుంది. మండలి ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. పాఠం చెప్పేవాడికి పరిశోధన తెలిసి ఉండాలన్న మాటలో తప్పేముంది? అయితే పరిశోధనకు సమయం, డబ్బు, గణాంక నిపుణుడు, లైబ్రరీ కావాలన్న సంగతిని మాత్రం నిబంధనలో ఎక్కడా రాయలేదు. రెండు, నాలుగు అన్న అంకెలను మాత్రం మరిచిపోకుండా రాసింది.

అంకెలు వచ్చాక వాటికి వివరణలు రావాలి కదా. 2015 సెప్టెంబరులో మండలి ఒక ‘స్పష్టీకరణ’ ఇచ్చింది. అందులోని స్పష్టత చూసి సంపాదకులు తలలు పట్టుకున్నారు. రచయితల జాబితాలో మొదటి ఇద్దరికే మార్కులు. మూడో పేరు వాడు ఏళ్ల తరబడి రోగుల వెంట తిరిగినా సరే, అతను ఆ పేపరుకు బయటి మనిషే. పైగా ఈ-జర్నల్స్ చెల్లవన్నారు. కాగితం జోలికే పోకుండా ఇంటర్నెట్‌లోనే వెలువడే ప్లాస్ మెడిసిన్ లాంటి అంతర్జాతీయ పత్రిక ఆ లెక్కన పనికిరానిది. ఇండెక్స్ కోపర్నికస్ అనే జాబితాలో చోటు సంపాదించుకుని కాగితం మీద అచ్చయ్యే ఏ గల్లీ పత్రికైనా పనికొచ్చేదే. దేశంలోని పలు వైద్య పత్రికల సంపాదకులు 2016లో ఒక్క గొంతుతో, మళ్లీ ఆలోచించండి మహాప్రభో అని రాశారు. మండలి ఆలోచించింది. ఆలోచన పూర్తయ్యేసరికి 2020 ఫిబ్రవరి వచ్చింది. మొదటి ఇద్దరు కాస్తా మొదటి ముగ్గురయ్యారు. ఆ ఏడాదే మండలి పోయి జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. బోర్డు మారింది, పేపరు షరతు మాత్రం పోలేదు.

మొదటి ఇద్దరికే మార్కులన్న నియమం వల్ల మన విభాగాల్లో కొత్త సంప్రదాయం ఏమీ పుట్టలేదు. ఉన్న సంప్రదాయానికి పదును పెరిగింది. పేపరు మీది పేర్ల వరుసను శుభలేఖ చదివినట్టు చదవాలి. ముందు ఇంటి పెద్ద, అంటే విభాగాధిపతి. తర్వాత ఈ ఏడాది ప్రమోషన్ కావాల్సినవారు. ఆ తర్వాత వచ్చే ఏడాది కావాల్సినవారు. చివర్లో చిన్న అక్షరాల్లో, పని చేసిన పీజీ. డేటా ఎవరు సేకరించారు, విశ్లేషణ ఎవరు చేశారు లాంటి ప్రశ్నలు అడగడం అమర్యాద.

పీజీ మాట వచ్చింది కాబట్టి అతని గోడు కాస్త దగ్గరగా చూడాలి. ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి ఒక్కరూ థీసిస్ రాయాల్సిందే. పొద్దున వార్డు రౌండ్లు, తర్వాత కిటకిటలాడే ఓపీ, రాత్రి క్యాజువాలిటీ డ్యూటీ. వీటి మధ్య దొరికిన సందులో శాస్త్రవేత్త అవతారం ఎత్తాలి. అంశం గైడు ఇస్తారు. గైడుకు అది ఎక్కడిదంటే, పాత బ్యాచ్ వాళ్ల థీసిస్‌లోది. శీర్షిక చివర ‘తృతీయ స్థాయి ఆసుపత్రిలో ఒక అధ్యయనం’ అని ఉంటే చాలు, కొత్త థీసిస్ అయినట్టే. శాంపిల్ ఎంత? వంద. వందే ఎందుకు? శాతాలు తీయడం తేలిక కనుక. ఓపీ చీటీ పట్టుకుని గంట నుంచి నిలబడ్డ పెద్దాయన ముందు ఒక కాగితం పెట్టి, ‘ఇక్కడ సంతకం పెట్టు తాతా, డాక్టరుగారు చూస్తారు’ అంటారు. ఆ సంతకానికి శాస్త్రీయ నామం ‘అవగాహనతో కూడిన అంగీకారం’. ఇంకో ఐదు మిల్లీలీటర్ల రక్తం ఎందుకు తీశారో తాతకు తెలీదు. నిజం చెప్పాలంటే, తీసిన కుర్రాడికీ సరిగ్గా తెలీదు.

గడువు ముంచుకొచ్చాక కళాశాల గేటు ఎదురుగా ఉన్న డీటీపీ సెంటర్లు పరిశోధన బాధ్యత స్వీకరిస్తాయి. టైపింగు, గ్రాఫులు, గణాంకాలు, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు, అన్నీ కలిపి ఒక రేటు. ‘పీ విలువ 0.05 కన్నా తక్కువ రావాలి కదా సార్?’ అని అడిగే అనుభవం ఆ సెంటరు కుర్రాడిది. చివరికి తేలేదేమిటి? పొగ తాగేవారిలో దగ్గు ఎక్కువ. మధుమేహం అదుపులో లేనివారికి పుండ్లు త్వరగా మానవు. కొండను తవ్వి ఎలుకను పట్టామని సంతోషిద్దామంటే, ఆ ఎలుకను అంతకుముందు పది బ్యాచ్‌ల వాళ్లు పట్టేశారు. చివరి పేజీలో ‘ఈ విషయమై మరింత విస్తృత అధ్యయనం అవసరం’ అనే వాక్యం తప్పనిసరి. ఆ ఒక్క వాక్యం మాత్రం అక్షరాలా నిజం.

పీజీ నిబంధనల్లో ఇంకో ముచ్చట ఉండేది. తుది పరీక్ష రాయాలంటే విద్యార్థి ఒక పరిశోధన పత్రం చూపాలి. అది ప్రచురితమైనా సరే, అంగీకారం పొందినా సరే, చివరికి ప్రచురణకు ‘పంపినా’ సరే. అంటే ఈమెయిల్ వెళ్లినట్టు రుజువుంటే విజ్ఞానం ముందుకు కదిలినట్టే.

ఇంత యంత్రాంగం నడిచింది కదా, దిగుబడి ఎంతో చూద్దాం. ఢిల్లీకి చెందిన ప్రసిద్ధ శస్త్రవైద్యుడు సమీరన్ నంది, మరో ఇద్దరితో కలిసి 2016లో ఆ లెక్క తీశారు. దేశంలోని 579 వైద్య సంస్థలు 2005 నుంచి 2014 దాకా ప్రచురించిన పత్రాలను స్కోపస్ అనే డేటాబేస్‌లో వెతికారు. 332 సంస్థల నుంచి, అంటే నూటికి 57కు పైగా సంస్థల నుంచి, పదేళ్లలో ఒక్క పత్రం కూడా కనబడలేదు. ఏడాదికి వందకు పైగా పత్రాలు వెలువరించిన సంస్థలు 25 మాత్రమే. దేశం మొత్తం దిగుబడిలో నూటికి నలభై ఆ పాతిక నుంచే వచ్చాయి.

ఇక్కడే ఒక చిక్కుంది. ప్రొఫెసరు కావాలంటే పేపర్లుండాలన్నది రూలు. ఆ 332 సంస్థల్లో కళాశాలలున్నాయి, ఆ కళాశాలల్లో ప్రొఫెసర్లూ ఉన్నారు. తనిఖీ బృందం వచ్చిన రోజున అందరి ఫైళ్లూ సలక్షణంగా ఉంటాయి. మరి ఆ పేపర్లన్నీ ఏ లోకంలో అచ్చయినట్టు?

జవాబులో కొంత భాగం వెతకడానికి తెలుగువాళ్లు ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. డబ్బు తీసుకుని ఏ పేపరునైనా అచ్చువేసే పత్రికల వ్యాపారానికి ప్రపంచ పటంలో హైదరాబాదు పెద్ద గుర్తు. బిర్యానీ తర్వాత, ముత్యాల తర్వాత మనకు దక్కిన మూడో ఖ్యాతి. ఇక్కడి నుంచి వందల పత్రికలు నడిపిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థ ఎఫ్‌టీసీ 2016లో కేసు వేసింది. నిపుణులు పరిశీలించకుండానే పరిశీలించామని చెప్పుకోవడం, ఫీజు సంగతి ముందు చెప్పకుండా దాచడం అన్నవి అందులోని ప్రధాన ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు ఆ ఆరోపణలు నిజమేనని తేల్చి, 5 కోట్ల 1 లక్ష డాలర్లు కట్టమంది. హైదరాబాదు పరిశోధన రంగం పేరు అమెరికా కోర్టు తీర్పులోకి ఎక్కడం చిన్న విషయమేమీ కాదు.

అంతకు ముందే, 2013లో, సైన్స్ పత్రిక కోసం జాన్ బొహానన్ అనే విలేకరి ఒక తమాషా చేశాడు. లేని శాస్త్రవేత్త పేరుతో, లేని సంస్థ చిరునామాతో, క్యాన్సర్‌ను అణిచే పదార్థం గురించి ఒక బూటకపు పేపరు రాశాడు. కాస్త చదువుకున్న సంపాదకుడెవరైనా పట్టేసేలా అందులో కావాలనే తప్పులు పెట్టాడు. దాన్ని 304 పత్రికలకు పంపితే 157 పత్రికలు ‘అద్భుతం, ఫీజు కట్టండి’ అన్నాయి. ఈ వ్యాపారానికి అతిపెద్ద స్థావరం భారతదేశమేనని అతను తేల్చాడు. మన దేశంలోని పత్రికల్లో 64 ఆ బూటకానికి స్వాగతం పలికాయి, వద్దన్నవి 15.

ఈ పత్రికల మర్యాద చూడాలి. కంటి డాక్టరుకు పశువైద్య పత్రిక నుంచి ఆహ్వానం వస్తుంది. ‘మీ అమోఘమైన కృషిని గమనిస్తున్నాం, మీ అమూల్య పత్రాన్ని ఈ నెల 30లోగా పంపగోరుతున్నాం’ అని ఉంటుంది. ఏ కృషి అని డాక్టరు అడగడు. ప్రమోషన్ ఇంటర్వ్యూ వచ్చే నెలలోనే కదా. పేపరు పంపిన మూడో రోజున ‘నిపుణుల పరిశీలన పూర్తయింది’ అని జవాబు, కింద బ్యాంకు ఖాతా నంబరు. నెలాఖరుకు అందమైన సర్టిఫికెట్. నిపుణుడు చదివాడా అన్నది పక్కన పెట్టండి, రాసినవాడు మళ్లీ ఒకసారి చదివాడా అన్నదే అనుమానం.

పేద దేశం, నిధుల్లేవు, అందుకే ఇలా ఉందని సర్దిచెప్పేవారుంటారు. అంతకన్నా పేదగా ఉన్న రోజుల్లో ఈ దేశం ఏం చేసిందో వాళ్లకు గుర్తుచేయాలి. 1956లో మద్రాసులో మొదలైన క్షయ అధ్యయనంలో రోగులు 193 మంది. సగం మందిని శానిటోరియంలో ఉంచారు, సగం మందికి ఇరుకిళ్లలోనే మందులిచ్చారు. ఇంట్లో మందులు మింగినవాళ్లకూ దాదాపు అంతే బాగా నయమైందని, ఇంట్లోవాళ్లకు అదనపు ముప్పేమీ లేదని తేలింది. ప్రపంచమంతటా శానిటోరియాల అవసరం తగ్గిపోవడానికి ఆ ఫలితం దారితీసింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బొంగావ్ దగ్గర, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ సెలైన్ సీసాలు అయిపోతే ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించారు. నూటికి 30 దాకా ఉన్న కలరా మరణాలు 4 లోపుకు పడిపోయాయి. ఆ పేపరు అచ్చయింది 1973లో. దాన్ని ఆయన ఏ ప్రమోషన్ కోసమూ రాయలేదు. రోగులు కళ్లముందు చనిపోతుంటే చేసిన పని అది.

మన ఊళ్లోనే చూడండి. హైదరాబాదులో పెల్లాగ్రా అనే పోషకాహార లోప వ్యాధితో వచ్చే పేదలు మొక్కజొన్న కాదు, జొన్న తింటున్నారని గమనించిన గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్‌లో దానికి కారణం ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత వాదాలు నడిచాయి. పరిశోధనంటే అదే, వాదించడానికి అందులో ఏదో ఉండాలి. నల్లగొండ ఫ్లోరైడ్ పల్లెల్లో పిల్లల మోకాళ్లు వంకర తిరగడాన్ని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రపంచం ముందు పెట్టారు. వాళ్లు చూసింది ఓపీ రిజిస్టరును కాదు, ఊరిని.

ఇప్పుడు ఊరి నుంచి వచ్చే ప్రశ్నలకు కొదవుందా? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య దశాబ్దాలుగా మూత్రపిండాలు పాడవుతూనే ఉన్నాయి. నీళ్లలోని సిలికానా, ఎండలో పనా, నొప్పి మాత్రలా, పురుగుమందులా, వంశపారంపర్యమా? దేశ విదేశాల బృందాలు వచ్చి నిజాయితీగానే పరీక్షించాయి. అయినా ఇదీ కారణమని అందరూ ఒప్పుకున్న జవాబు నేటికీ లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. అక్కడి ప్రశ్నకు జవాబు రావాలంటే ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో, ఒకే మనుషుల వెంట ఉండాలి. అలా ఉన్న డాక్టరుకు పదేళ్లకు ఒక పేపరు వస్తుందేమో. ఆలోపు డీటీపీ సెంటరు పక్కన ఉన్న స్నేహితుడు నాలుగు పేపర్లతో ప్రొఫెసరై, ఈయన ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుంటాడు.

షరతు ఎత్తేస్తే అసలు పరిశోధనే ఉండదని భయపడేవారిది విచిత్రమైన భయం. షరతు ఉన్న కాలంలోనే 332 సంస్థల నుంచి సున్నా వచ్చింది. ఈ మధ్య బోధకులకూ పీజీలకూ పరిశోధన పద్ధతుల మీద ఆన్‌లైన్ కోర్సు తప్పనిసరి చేశారు. మంచి కోర్సే. కానీ ఈత నేర్పే వీడియో చూపించి, చెరువు తవ్వకుండా, నాలుగు పతకాలు తెమ్మంటే బజారులో పతకాలు కొనుక్కొస్తారు.

జాతీయ వైద్య కమిషన్ పెద్దలకు విన్నపం ఒకటే. ప్రమోషన్‌కు పేపర్ల లెక్క రద్దు చేయండి. బాగా పాఠం చెప్పేవారిని, బాగా వైద్యం చేసేవారిని ఆ పనులనే చూసి ప్రొఫెసర్లను చేయండి. పరిశోధన చేస్తామని ముందుకొచ్చేవారికి వారంలో రెండు రోజులు ఓపీ నుంచి విడుదల, ప్రతి కళాశాలలో జీతమిచ్చి పెట్టుకున్న ఒక గణాంక నిపుణుడు, చిన్నదైనా సొంత నిధి ఇవ్వండి. పీజీ థీసిస్ ఉండాలనుకుంటే ఒక్కొక్కరితో ఒక్కో వంద మంది శాంపిల్ కట్టించకండి. పది కళాశాలల పీజీలకు కలిపి ఒకే ప్రశ్న ఇవ్వండి, ఆ పేపరులో పనిచేసిన ప్రతి పీజీ పేరూ వేయండి. ఇంకా లెక్కే కావాలంటే, ఏ పేపరు వల్ల ఏ ఆసుపత్రిలో వైద్యం మారిందో చెప్పమని అడగండి.